ఫ్యూజు జేబు

మా చిన్నది పనికి వేసుకెళ్ళే చొక్కాకి లోపలివైపు జేబు కుట్టిపెట్టింది నేనే. చిన్నదంటే కూతురనుకునేరు, కాదు. నా తోడికోడలు, మా మరిది భార్య. తోడికోడళ్ళంటే ఒకే ఒరలో రెండు కత్తులని లోకం అనుకుంటుంది. మా ఒర కాస్త వెడల్పయింది, ఇద్దరం ఇమిడిపోయాం. నాది బట్టలు కుట్టే కొట్టు. దాన్ని ఆనుకునే వాళ్ళ కరెంటు కొట్టు. మధ్యలో పలచటి చెక్క గోడ. నా మిషను చప్పుడు వాళ్ళకీ, వాళ్ళ మాటలు నాకూ వినిపిస్తాయి. వినకూడదనుకున్నా వినిపిస్తాయి. వినాలనుకుంటే ఇంకాస్త బాగా వినిపిస్తాయి.

ఆ జేబు సంగతి ముందు చెప్పాలి. మా పేటలో ఇళ్ళన్నీ పాతవి. కొత్త ఇళ్ళలో తేడా వస్తే దానంతటదే పడిపోయే రకం స్విచ్చులొచ్చాయి గానీ, మా దగ్గర ఇంకా మీటరు పక్కన తెల్లటి పింగాణీ ఫ్యూజులే. ఏ ఇంట్లో పని మొదలుపెట్టినా ముందు ఆ ఫ్యూజు పీకాలి. పీకి కిటికీలో పెట్టకూడదు, ఇంటివాళ్ళ చేతికివ్వకూడదు, తోటి పనివాడి చేతికి అసలే ఇవ్వకూడదు. ఎవరి చెయ్యి తీగ మీద ఉంటుందో వాళ్ళ జేబులోనే ఉండాలి. పైన మనిషి ఉన్నాడని చూసుకోకుండా ఎవరో తెచ్చి పెట్టేశారంటే ఇక చెప్పుకోవడానికేం మిగలదు. ఇది మా మరిది పెట్టుకున్న పద్ధతి. "నీ ప్రాణం నీ జేబులో ఉండాలి" అని పెళ్ళయిన కొత్తలో చిన్నదానికి చెప్పాడట. కొత్త పెళ్ళానికి మొగుడు చెప్పే ముచ్చట్లు ఇలా కూడా ఉంటాయా అని దాన్ని చాలాసార్లు ఏడిపించాను.

అతని పాత చొక్కా ఒకటి పైన వేసుకుని అది పనికి వెళ్ళేది. పై జేబులో పెడితే నిచ్చెన మీద వంగినప్పుడు ఫ్యూజు జారిపోతోందంటే, లోపల మందపాటి గుడ్డతో జేబు కుట్టి గుండీ పెట్టాను. అడుగు చిరిగినప్పుడల్లా మళ్ళీ అతుకు వేశాను. మా మరిది చొక్కాకి అలాంటి జేబు లేదు. ఒక పొద్దున్న నిద్రలేచేసరికి అతని కుడిచెయ్యి మాట వినడం మానేసింది. మందులతో నడక తిరిగొచ్చింది, మాట తిరిగొచ్చింది, చెయ్యి మాత్రం రాలేదు. వేళ్ళు ముడుచుకోవు. అంతకుముందు ఇద్దరూ కలిసి చేసేవారు, అప్పట్నుంచి తీగ ముట్టేది పూర్తిగా ఆమే. అతను కింద కుర్చీలో కూర్చుని "ఎర్రది పైకి, నల్లది కిందికి" అని చెప్తుంటాడు. చెప్పకపోయినా ఆమెకు తెలుసు. అతన్ని చెప్పనివ్వాలని కూడా తెలుసు.

పని ఆమెది, సంతకం అతనిది. ఎందుకంటే లైసెన్సు అతని పేర ఉంది. లైసెన్సు లేనివాళ్ళు సహాయకులుగా ఉండి పనిముట్లు అందించవచ్చు గానీ తీగ ముట్టకూడదు. అదీ రూలు. మా పేటలో ఆ రూలు సంగతి అందరికీ తెలుసు, చిన్నది తీగలు ముడుతోందనీ అందరికీ తెలుసు, ఎవరి ఇంట్లో దీపం ఆరినా దాన్నే పిలుస్తారు.

చిక్కేంటంటే ఆ లైసెన్సు గడువు మరుసటేడుతో అయిపోతుంది. మళ్ళీ ఇవ్వాలంటే మనిషిని పిలిపించి రెండు చేతులూ ఆడించి చూస్తారు. ఆ రోజుతో కొట్టు మూసుకోవడమే. ఈలోపల చిన్నదానికి సొంత లైసెన్సు రావాలి. శిక్షణ బడిలో చేరదామంటే హైస్కూలు చదువు అడుగుతారు, దానికది లేదు. రెండో దారి అనుభవం. లైసెన్సున్న మనిషి ఎవరైనా "నా దగ్గర ఇన్నేళ్ళు పని నేర్చుకుంది" అని రాసిస్తే పరీక్షకు కూర్చోనిస్తారు. అయితే ఆ రాసిచ్చేవాడు రక్తసంబంధం వాడు గానీ, పెళ్ళి సంబంధం వాడు గానీ కాకూడదు. దానికి పని నేర్పింది ఈ లోకంలో ఒక్కడే, వాడు దాని మొగుడు.

సరిగ్గా అప్పుడే ప్రభుత్వం వాళ్ళు కరెంటు లైసెన్సుల రూళ్ళన్నీ తిరిగి చూస్తున్నామనీ, ప్రజలెవరైనా విచారణకు వచ్చి కమిటీ ముందు తమ అభిప్రాయం చెప్పుకోవచ్చనీ ప్రకటించారు. మా మరిది ఆ వార్త పట్టుకుని చెక్క గోడ అవతల్నుంచి పరుగున వచ్చాడు. అంటే అతని మట్టుకు పరుగు.

"వదినా, ఆ బంధువుల ముక్క తీసెయ్యమని అడగొచ్చు. ఎవరైనా అడగొచ్చట!"

చిన్నదాని మొహం చూడాలి అప్పుడు. నవ్వలేదు. నవ్వితే ఎక్కడ పోతుందో అన్నట్టు పెదాలు బిగబట్టుకుంది.

మాట్లాడటం నా కొట్లోనే నేర్చుకుంది. బట్టలు తొడిగి చూసే తల లేని బొమ్మ ఒకటుంది నా దగ్గర. దాన్నే కమిటీ అనుకోమన్నాను.

"తల లేదు కదక్కా దీనికి."

"ఏ కమిటీకి ఉందేంటే? నువ్వు చెప్పు."

చెప్పేది. "మా ఆయన దగ్గర పెళ్ళయినప్పట్నుంచీ పని చేస్తున్నానండీ. ఆయన చెయ్యి పడిపోయాక పనంతా నేనే చేస్తున్నాను. ఒక్క ఇంట్లో కూడా ఒక్క మాట రాలేదు. మొగుడి దగ్గర నేర్చుకున్నానని కరెంటు నన్ను చూసి మొహమాటపడదు కదండీ." చివరి ముక్క నాది. ఎక్కడో ఒకచోట నా కుట్టు కూడా ఉండాలని పెట్టాను. మా మరిది గోడ అవతల్నుంచి "గట్టిగా చెప్పు, వినబడట్లేదు" అని అరిచేవాడు. ముగ్గురం ఉన్నాం. ముగ్గురికీ ఆ మాటల్లో ఉన్న ముల్లు కనబడలేదు. టెస్టరు పెట్టి చూడనిదే ఏ తీగా ముట్టని మనుషులు, ఆ మాటను మాత్రం చూడకుండానే చేత్తో పట్టుకున్నారు.

విచారణ రోజు పొద్దున్నే ఒకావిడ ఇంట్లో వంటగది తీగలు మార్చే పని ఒప్పుకున్నారు. కావాలనే ఒప్పుకున్నారు, ఇంట్లో కూర్చుంటే కాలూ చెయ్యీ ఆడవని. సగం అయ్యేసరికి బయల్దేరే వేళయింది. పాత తీగలు ఊడదీసి ఉన్నాయి, కొత్తవి కొసలు బయటికి వేలాడుతున్నాయి. అలాంటప్పుడు ఫ్యూజు పెట్టి పోలేం కదా. అది చిన్నదాని లోపలి జేబులోనే ఉండిపోయింది.

"ఫ్రిజ్‌లో పాలున్నాయమ్మా, విరిగిపోతాయి. తొందరగా వచ్చేయండి" అని ఇల్లుగలావిడ గుమ్మం దాకా వచ్చి చెప్పింది.

నేను కొట్టుకు తాళం పెట్టి అక్కడికే వెళ్ళాను, ముగ్గురం కలిసి వెళ్దామని. దాన్ని ఆ చొక్కాతో చూసి నాకు ఒళ్ళు మండింది. "నలుగురిలోకీ వెళ్తూ ఈ మసిగుడ్డ ఏంటే?"

"పని చేసేదాన్నని చెప్పడానికి పోతూ పట్టుబట్టలెందుకక్కా" అంది.

హాలు నిండా కరెంటువాళ్ళే. కుర్చీలు చాలక గోడల వెంట నిలబడ్డారు. పైన ఒక ట్యూబులైటు టపటపా కొట్టుకుంటోంది. వచ్చిన ప్రతివాడూ తలెత్తి దాన్నే చూస్తున్నాడు, ఎవరూ లేవడం లేదు. దర్జీలంతా చేరిన పెళ్ళిలో పెళ్ళికొడుకు గుండీ ఊడినట్టుంది నాకు. ముందు బల్ల దగ్గర కమిటీ. మధ్యలో ఒక పెద్దాయన, పక్కన కళ్ళద్దాలావిడ, ఆవిడ చట్టం చదువుకున్నావిడట. ఇంకా ఇద్దరు ముగ్గురు ఉన్నారు గానీ వాళ్ళు మంచినీళ్ళు తాగడానికే వచ్చినట్టున్నారు.

మా పక్క కుర్చీలో ఒక అమ్మాయి కూర్చుంది. పసుపు హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుంది. చిన్నదాని చొక్కా చూసి తనే పలకరించింది.

"మీరూ ఆ బంధువుల రూలు గురించేనా ఆంటీ?"

"అదేనమ్మా. మా ఆయన దగ్గర నేర్చుకున్నా. నువ్వు?"

"మా నాన్న దగ్గర. ఆయనకు నడుం పోయింది, ఇప్పుడంతా నేనే. నా పేరు మీ తర్వాతే ఉంది. మీరు ముందు చెప్తే నాకూ ధైర్యమొస్తుంది."

"భయమెందుకమ్మా, ఉన్నదే కదా చెప్పడం" అంది మా చిన్నది. ఎవరు ఎవరికి ధైర్యం చెప్తున్నారో చూడండి.

మొదట కంట్రాక్టర్ల సంఘం పెద్ద లేచాడు. బొద్దుగా, నవ్వు మొహంతో ఉన్నాడు. ఆ రూలు ఉండాల్సిందేనన్నాడు. "తీసేస్తే ఏమవుతుందో తెలుసాండీ? ఏ పనీ రాక ఇంట్లో పడుకున్న బామ్మర్దికి కూడా అనుభవం ఉందని బావగారు రాసిచ్చేస్తాడు. ఆ బామ్మర్ది వచ్చి మన ఇంట్లో తీగలు లాగుతాడు." అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. అలాంటి బామ్మర్దులు లేకా ఏంటి.

తర్వాత చిన్నదాన్ని పిలిచారు. మైకు ముందుకు వెళ్ళి నిలబడింది. "కూర్చునే చెప్పమ్మా, తొందరేం లేదు" అన్నాడు పెద్దాయన. నిలబడే చెప్తానంది.

"మా ఆయన దగ్గర పెళ్ళయినప్పట్నుంచీ పని చేస్తున్నానండీ" అని మొదలుపెట్టింది. గొంతు బాగానే పలికింది. గట్టిగా వినబడింది. "ఆయన చెయ్యి పడిపోయాక..."

కళ్ళద్దాలావిడ చెయ్యెత్తింది. "ఒక్క నిమిషమమ్మా. మీవారికి లైసెన్సు ఉందా?"

"ఉందండీ."

"ఇప్పటికీ చెల్లుతోందా?"

"వచ్చే ఏడాది దాకా చెల్లుతుందండీ."

ఆవిడ కళ్ళద్దాలు తీసి చేత్తో పట్టుకుంది. "చూడమ్మా. మీరు పని చేస్తున్నానంటున్నారు. అంటే ఆయన చేస్తుంటే పనిముట్లు అందిస్తారా? లేకపోతే తీగలు మీరే ముట్టుకుంటారా? ఎందుకడుగుతున్నానంటే, ఇక్కడ మాట్లాడింది మాట్లాడినట్టు రికార్డవుతుంది. లైసెన్సు లేని మీరు చేసిన పనికి ఆయన సంతకం పెట్టారని మీ నోటితో చెప్తే, అది నేను లైసెన్సు విభాగానికి పంపక తప్పదు. ఆయన సంతకం ఉన్న ఇళ్ళన్నీ తిరగదోడతారు. మిమ్మల్ని ఇబ్బంది పెట్టాలని కాదు. ఆలోచించుకుని చెప్పండి."

ఆవిడ మీద కోపం తెచ్చుకుందామని తర్వాత చాలాసార్లు చూశాను, రాలేదు. తోసెయ్యలేదు, గొయ్యి ఉందని చూపించి మరీ చెప్పింది. కాకపోతే వెనక నుయ్యి కూడా ఉంది. పని నేనే చేశానంటే మొగుడు నేరం చేసినవాడవుతాడు. నేను చెయ్యలేదంటే దానికి అనుభవమే లేదు, అడగడానికి వచ్చిన మనిషే కాదు. ఇన్నేళ్ళ పనికి సాక్ష్యం దాని నోరొక్కటే, ఆ నోరు తెరిస్తే మొగుడు పోతాడు.

మా మరిది ఎడమచేత్తో నా మణికట్టు పట్టుకున్నాడు. నొప్పెట్టేంత గట్టిగా పట్టుకున్నాడు.

"వదినా, చెప్పెయ్యమను. నాదెలాగూ పోయేదే. తనదన్నా రానీ."

అతని గొంతు జబ్బు చేసినప్పట్నుంచీ దూరం పోదు. నేను లేచాను. "ఏమండీ..." అన్నాను. పెద్దాయన నా వైపు చూసి, "మీ వంతు వచ్చినప్పుడు చెబుదురుగాని, కూర్చోండమ్మా" అన్నాడు మర్యాదగా. అంతటి మర్యాదస్తుల్ని నా బతుకులో చూడలేదు.

చిన్నది వెనక్కి తిరిగి చూసింది. నన్ను కాదు, అతన్ని కూడా కాదు, ఒళ్ళో పడున్న అతని కుడిచేతిని చూసింది. తర్వాత మైకు వైపు తిరిగింది.

"అందిస్తానండీ" అంది.

"అంటే?"

"పనిముట్లు అందిస్తాను. అంతే."

"తీగలు?"

"ముట్టుకోను."

అలా అంటున్నంతసేపూ దాని చెయ్యి చొక్కా మీద, లోపలి జేబు ఉండే చోట ఉంది. గుండెల మీద చెయ్యేసుకుని చెప్తోందనుకుని ఉంటారు వాళ్ళు. అక్కడ ఇల్లుగలావిడ ఫ్యూజు ఉందని మా ముగ్గురికే తెలుసు.

"మంచిదమ్మా" అన్నాడు పెద్దాయన. "మరి మీరు అడగదలుచుకున్నదేంటి?"

అది నిలబడిపోయింది. అడగడానికేం మిగిలింది? హాల్లో ఎవరో వెనకనుంచి కిసుక్కున నవ్వారు. ఆ నవ్వినవాడెవడో దొరికితే కత్తెరతో నాలిక కత్తిరించి ఉందును.

"ఏం లేదండీ" అని వచ్చి కూర్చుంది.

పసుపు హెల్మెట్ అమ్మాయిని పిలిచారు. లేచి మైకు దాకా వెళ్ళింది. పెద్దాయన అదే మంచితనంతో "చెప్పమ్మా, నువ్వూ మీ నాన్నగారి దగ్గరేనా పని?" అన్నాడు. ఆ పిల్ల కళ్ళద్దాలావిడ వైపు చూసింది. "నేను చెప్పేది ఏం లేదండీ" అని వెనక్కి వచ్చేసింది. మా వరస దగ్గర ఆగలేదు.

బయట మెట్ల మీద మాకోసం ఆగింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"చాలా థాంక్సాంటీ" అంది చిన్నదాని రెండు చేతులూ పట్టుకుని. "మీరు ముందు వెళ్ళకపోతే నేను గడగడా అంతా చెప్పేసేదాన్ని. మా నాన్న ఇరుక్కుపోయేవాడు."

మా చిన్నది ఆ పిల్ల చేతులకేసి చూస్తూ ఉండిపోయింది. వేళ్ళ కొసలు దీని వేళ్ళలాగే గట్టిపడి ఉన్నాయి. ఏదో ఒకటి అనాలి కదా, "ఇంటికి జాగ్రత్తగా వెళ్ళమ్మా" అంది.

ముగ్గురం బస్సెక్కాం. నోరుంటే తల కాస్తుందంటారు. దాని నోరు మొగుడి తల కాసింది గానీ, తన తల మీద తనే బండ వేసుకుంది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. కిటికీలోంచి దుమ్ము పడిందని చెప్పుకున్నాను. ఆ కిటికీ మూసే ఉంది.

వంటింట్లో పని మిగిలే ఉంది కదా. నేనెలాగూ కొట్టు మూసే వచ్చానని వాళ్ళతో పాటే ఆ ఇంటికి వెళ్ళాను. ఇల్లుగలావిడ తలుపు తీస్తూనే పాల గిన్నె చూపించింది. "విరిగిపోయాయి చూడండి. చెప్పానా?" అంది.

చిన్నది నిచ్చెన సరిచేసుకుని మెట్టు మీద కాలు పెట్టింది. అప్పుడు మా మరిది అన్నాడు.

"ఫ్యూజు ఇలా ఇవ్వు."

"ఎందుకు?"

"ఎవరైనా వచ్చి చూస్తే? లైసెన్సున్నవాడి దగ్గరే ఉండాలి. అక్కడ అలాగే కదా చెప్పి వచ్చాం."

వెటకారం కాదు. అతను భయపడ్డాడు. దాని అబద్ధం వమ్ము కాకూడదని భయపడ్డాడు. చిన్నది గుండీ విప్పి, ఫ్యూజు తీసి అతని ఎడమచేతిలో పెట్టింది. అతను దాన్ని పై జేబులో వేసుకున్నాడు. పై జేబులోంచి సగం బయటికే కనబడుతోంది.

అది నిచ్చెన ఎక్కింది. తీగ కొస దగ్గర టెస్టరు పెట్టి చూసింది. టెస్టరులో దీపం వెలగలేదు. చెయ్యి చాపబోయి ఆగి, మళ్ళీ టెస్టరు పెట్టి చూసింది. అతని జేబుకేసి చూసింది. మూడోసారి పెట్టింది. అంతకాలంలో అది ఒకసారికి మించి చూడటం నేనెరగను. తన జేబులో ఫ్యూజు ఉంటే ఆ ఒక్కసారి కూడా అలవాటుకొద్దీ చూసేది.

మా మరిది అదంతా చూస్తున్నాడు. "ఎర్రది పైకి" అన్నాడు. నల్లది ఎటో చెప్పలేదు.

కొన్నాళ్ళకు కొత్త రూళ్ళు వచ్చాయి. నా దగ్గరికి జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చే పంతులమ్మ ఫోనులో చూసి చదివి వినిపించింది. ఏ రూలు మార్చారో, ఏది ఎందుకు మార్చలేదో వివరంగా రాశారు. బంధువుల రూలు దగ్గరికి రాగానే మిషను ఆపాను. "బహిరంగ విచారణలో ఒక లైసెన్సుదారు భార్య స్వయంగా తెలిపిన ప్రకారం, కుటుంబ సభ్యులు పనిముట్లు అందించడం వరకే పరిమితమవుతున్నారు. కావున బంధువుల వద్ద పొందిన అనుభవాన్ని పరిగణించడానికి ఆధారం లేదు. నిబంధన యథాతథం."

నేను రెండోసారి చదవమన్నాను. పంతులమ్మ చదివింది. అంతమంది మాట్లాడిన హాల్లో వాళ్ళు నమ్మిన మాట అదొక్కటే. అది మా చిన్నదాని ఒక్కదాని నోటికి తాళం కాదు. ఆ పసుపు హెల్మెట్ పిల్లకు, మేమెరగని ఊళ్ళల్లో మొగుళ్ళ దగ్గరా, నాన్నల దగ్గరా, అన్నల దగ్గరా పని నేర్చుకున్న ప్రతి ఆడదానికీ తాళమే. ఆ తాళం చేసిచ్చింది ఇదే, మొగుణ్ణి కాపాడుకోబోయి.

కాపాడుకుందా అంటే అదీ లేదు. గడువు దగ్గర పడగానే మా మరిదిని పిలిపించారు. ఒక చిన్న గదిలో బల్ల మీద స్క్రూడ్రైవరు, కటింగ్ ప్లేయరు పెట్టి, ఏదైనా ఒకటి కుడిచేత్తో పట్టుకోమన్నారట. పట్టుకోలేదు. "ఏం ఫర్వాలేదండీ, ఎడమచేత్తోనైనా చూడండి" అన్నారట. ఎడమచేత్తో పట్టుకున్నాడు. "రెండూ కావాలి కదండీ" అన్నారట, పాపం వాళ్ళే బాధపడుతూ. ఇంటికొచ్చి ఈ సంగతి నవ్వుతూ చెప్పాడు. ఆ నవ్వు చూడలేక లోపలికి వెళ్ళి కూర్చున్నాను.

ఇప్పుడా కొట్లో బల్బులూ, ప్లగ్గులూ అమ్ముతున్నాడు. అమ్మడానికి లైసెన్సు అక్కర్లేదు. ఎవరైనా వచ్చి "ఇంట్లో దీపం వెలగట్లేదు, ఆవిణ్ణి పంపండి" అంటే, "ఆమె ఆ పని చెయ్యదండీ" అంటాడు.

చిన్నదానికి సంఘం పెద్ద పని ఇచ్చాడు. హాల్లో బామ్మర్ది మాట చెప్పి నవ్వించిన మనిషే. విషయం తెలిసి జాలిపడి తనే కబురు పెట్టాడు. మంచివాడే, అదే నా కడుపుమంట. ఎక్కడ చూసినా మంచివాళ్ళే, దీని బతుకు మాత్రం ఇలా అయింది. పెద్ద పెద్ద ఇళ్ళు కట్టేచోట అతని మనుషులు తీగలు లాగుతుంటే ఇది నిచ్చెన కింద నిలబడి టేపూ, ప్లేయరూ అందిస్తుంది. హాల్లో ఏం చెప్పిందో ఇప్పుడు సరిగ్గా అదే చేస్తోంది. ఒక కుర్రాడు ఎర్ర తీగ ఎక్కడ బిగించాలో తెలీక తచ్చాడుతుంటే నోటిదాకా వచ్చిన మాట మింగేసుకుందట. "ఎందుకు మింగావే, చెప్పకపోయావా?" అన్నాను. "అందించేదాన్ని అడిగారా అక్కా?" అంది.

మొన్న పనినుంచి వచ్చి ఆ చొక్కా విప్పి నా మిషను మీద పెట్టింది.

"ఈ లోపలి జేబు విప్పెయ్ అక్కా."

"మళ్ళీ చిరిగిందా? ఉంచు, అతుకు వేస్తా."

"చిరగలేదు. ఊరికే ఒరుసుకుంటోంది."

"ఉండనీవే. రేపెప్పుడైనా..." అన్నాను. రేపెప్పుడైనా ఏమిటో నాకే తెలీదు.

"ఫ్యూజు వాళ్ళ మేస్త్రీ దగ్గరుంటుంది" అంది. "అందించేదానికి జేబెందుకక్కా?"

కోపంగా అన్నా, ఏడ్చినా ఏదో ఒకటి సర్దిచెప్పేదాన్ని. ఉప్పు అయిపోయింది తెమ్మన్నట్టు అంది. నేను కత్తెర తీసుకుని కుట్లు విప్పడం మొదలుపెట్టాను. నేనే వేసిన కుట్లు, ఒకదాని మీద ఒకటి వేసినవి, తొందరగా రాలేదు. అది ఎదురుగా ముక్కాలిపీట మీద కూర్చుని దారప్పోగులు ఏరుతూ ఉంది. గోడ అవతల కొట్లో మా మరిది ఒక్కడే ఉన్నాడు. కొనేవాళ్ళెవరూ లేరు. మా మధ్య ఉన్నది పలచటి చెక్క గోడని ముందే చెప్పాను కదా.